డిటెక్టివు ఎదుటి కుర్చీ

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ మీతో డిటెక్టివ్ నవలల గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. "ఇదేం విషయమమ్మా! ఊరగాయల గురించో, పిల్లల జలుబుల గురించో చెప్పక!" అని కొందరు నొసలు చిట్లిస్తారేమో. కాని నిజం చెప్పండి. మధ్యాహ్నం భోజనాలై, వంటిల్లు సర్దుకుని, పిల్లలు బడినుంచి వచ్చేలోగా దొరికే ఆ గంటా గంటన్నరలో మనలో ఎంతమంది చేతుల్లో డిటెక్టివ్ నవల ఉండేది కాదు? కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్నీ, ఆయన అసిస్టెంటు రాజునీ ఎరగని చదువరి ఇల్లు ఉండేదా? అద్దె లైబ్రరీ పుస్తకాన్ని అత్తగారి కంట పడకుండా దిండు కింద దాచుకున్న కోడళ్ళు కొందరైతే, అత్తగారే ముందుగా చదివేసి "హంతకుడెవరో చెప్పెయ్యమంటావా?" అని కోడల్ని బెదిరించిన ఇళ్ళు కొన్ని. మాది రెండో రకం.

ఆ చదువు అలవాటు నన్ను వదల్లేదు. తెలుగు అయ్యాక ఇంగ్లీషు పుస్తకాల మీద పడ్డాను. అందులో ఈ నాలుగైదు దశాబ్దాల్లో వచ్చిన ప్రైవేటు డిటెక్టివుల వరస నవలలు - అంటే ఒకే డిటెక్టివు పుస్తకం తరవాత పుస్తకంలో కనిపించేవి - కొన్నిటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన సంగతి ఒకటుంది. అదే మీతో చెబుదామని.

పోలీసు ఇన్‌స్పెక్టరు కథ శవం దగ్గర మొదలవుతుంది. అది ఆయన ఉద్యోగం. ఎవరూ పిలవకపోయినా వెళ్ళాలి. ప్రైవేటు డిటెక్టివు కథ అలా కాదు. ఒక ఆఫీసు గది, ఒక బల్ల, బల్లకి ఇవతల ఒక కుర్చీ. తలుపు తట్టి ఎవరో వస్తారు. ఆ కుర్చీలో కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడబడతారు. "పోలీసుల దగ్గరికి వెళ్ళారా?" అని డిటెక్టివు అడుగుతాడు. వెళ్ళామనీ, వాళ్ళు పట్టించుకోలేదనీ అంటారు. లేకపోతే వెళ్ళలేమంటారు. తన మాట ఎవరూ నమ్మని మనిషి, డబ్బిచ్చి అయినా సరే ఒకరిచేత వినిపించుకోవాలనుకుని వచ్చే చోటన్నమాట అది. ఆడవాళ్ళకి ఆ కుర్చీ విలువ ఏమిటో వేరే చెప్పాలా? అందుకని ఈ నవలల్ని తూచడానికి నేను పెట్టుకున్న తూకపు రాయి హంతకుడెవరన్నది కాదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? లేచి వెళ్ళేటప్పుడు వాళ్ళ చేతికి ఏం దక్కింది? ఇంతే.

పూర్వపు అమెరికా నవలల్లో ఆ కుర్చీలోకి వచ్చే ఆడమనిషిని నమ్మకూడదన్నది దాదాపు ఒక సూత్రం. డాషియల్ హామెట్ 1930లో అచ్చువేసిన 'మాల్టీస్ ఫాల్కన్' ఉంది చూడండి, అందులో శామ్ స్పేడ్ ఆఫీసుకి ఒకమ్మాయి వస్తుంది. ఆమె చెప్పిన పేరు దగ్గర్నుంచీ అబద్ధమే. రచన గొప్పది, కాదనను. కాని ఆ దారిలో వచ్చిన వందల నవలల్లో ఆడదంటే మాయలాడి, కాకపోతే శవం. మూడో రకం ఉన్నా ఆమె ఆఫీసులో టైపు కొట్టుకుంటూ కూర్చునేది.

బల్లకి అవతలి వైపున ఆడమనిషి కూర్చోవడం 1970ల్లో గట్టిగా మొదలైంది. ఇంగ్లండులో పి.డి. జేమ్స్ 1972లో కార్డీలియా గ్రే అనే ఇరవై రెండేళ్ళ పిల్లని సృష్టించింది. పార్ట్‌నరు ఆత్మహత్య చేసుకుని, అప్పుల్లో ఉన్న కంపెనీనీ, ఒక తుపాకీనీ ఆ అమ్మాయికి వదిలిపోతాడు. కనిపించిన ప్రతివారూ "ఇది ఆడపిల్లకి తగిన పని కాదు" అనేవారే. ఆ పుస్తకం పేరే అది. ఎంత చక్కటి పిల్లో! కాని జేమ్స్ గారు రెండే రెండు పుస్తకాలు రాసి ఆమెని పక్కన పెట్టేశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. అమెరికాలో 1977లో మార్సియా ముల్లర్ శాన్‌ఫ్రాన్సిస్కో డిటెక్టివు షారన్ మెకోన్ కథలు మొదలుపెట్టింది. ఆ తరవాత 1982లో ఇద్దరు రచయిత్రులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, చెరో డిటెక్టివుని తీసుకొచ్చారు. శారా పారెట్స్కీ, స్యూ గ్రాఫ్టన్.

గ్రాఫ్టన్ గురించి కాస్త వివరంగా చెబుతాను. ఆవిడది మన పెద్దబాలశిక్ష పద్ధతి. ఇంగ్లీషు అక్షరాల వరసలో అక్షరానికొక పుస్తకం. 'ఎ' అంటే 'ఎలిబై' - నేరం జరిగిన వేళ నేనక్కడ లేనని చూపించే రుజువు. 'బి' అంటే దొంగ, 'సి' అంటే శవం, ఇలాగ. ఈ మొదటి పుస్తకం ఎలా పుట్టిందో ఆవిడే చాలాసార్లు దాపరికం లేకుండా చెప్పుకున్నారు. విడాకులయ్యాయి. పిల్లల కోసం కోర్టులో పోట్లాట నడుస్తోంది. రాత్రిళ్ళు నిద్రపట్టక, ఆ మాజీ భర్తని ఏ విధంగా చంపవచ్చా అని మనసులో పథకాలు వేసేదిట! చేస్తే పట్టుబడతానని తెలుసు. జైలుకి పోతే పిల్లలేమవుతారు? అందుకని ఆ పథకాన్ని పుస్తకంలో పెట్టి, దాని మీద డబ్బు సంపాదించింది. విషం ఏమిటనుకున్నారు? గన్నేరు! మన పెరట్లో పూజకి పువ్వులు కోసుకునే గన్నేరు చెట్టే. "గన్నేరుపప్పు తిని" అన్న మాట వినని ఆడపిల్ల మన దేశంలో ఉందా? కాలిఫోర్నియాలోనూ రోడ్ల పక్కన విరివిగా పెంచుతారు దాన్ని. ఆ నవలలో ఒక లాయరు రోజూ వేసుకునే మందుగొట్టంలో ఎవరో గన్నేరు పొడి నింపి పెడతారు.

ఆ చనిపోయిన లాయరు విడాకుల కేసుల్లో ఘటికుడు. చంపిందని అతని భార్య నిక్కీకి శిక్ష పడింది. ఎనిమిదేళ్ళు జైల్లో ఉండి, పెరోలు మీద బయటికొచ్చి, తిన్నగా డిటెక్టివు కిన్సీ మిల్‌హోన్ ఎదుటి కుర్చీలో కూర్చుంటుంది. తను చంపలేదనీ, చంపిందెవరో తెలుసుకోవాలనీ అంటుంది. శిక్ష అనుభవించడమూ అయిపోయింది. ఆ ఎనిమిదేళ్ళూ తిరిగి రావు. మరి ఇప్పుడెందుకు? ఆ ప్రశ్నకి నవలలో పెద్ద ఉపన్యాసమేమీ లేదు. కాని చదువుతున్న మనకి తెలుస్తూనే ఉంటుంది. చెయ్యని పని చేశావన్న మాట పడి బతకడమంటే ఏమిటో, ఉమ్మడి కుటుంబంలో పోయిన వెండిగిన్నె విషయంలో మాట పడిన కోడల్ని అడిగినా చెబుతుంది.

ఈ కిన్సీకి ముప్పై రెండేళ్ళు. రెండు పెళ్ళిళ్ళూ విడాకులయ్యాయి. పిల్లలు లేరు. అయిదో ఏట తల్లీతండ్రీ కారు ప్రమాదంలో పోతే పిన్ని పెంచింది. కొన్నాళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, నచ్చక మానేసింది. కారు షెడ్డుని గదిగా మార్పించిన చోట అద్దెకుంటుంది. ఇంటాయన హెన్రీ ఎనభై దాటిన ముసలాయన. ఒకప్పుడు రొట్టెలు చేసే వృత్తి. ఇప్పటికీ వేడివేడి రొట్టెల వాసన ఆ ఇంట్లోంచి పుస్తకమంతా పరుచుకుంటుంది. కిన్సీకి పేరంటాలకైనా, చావుకైనా ఒకే నల్ల గౌను. జుట్టు పెరిగితే గోళ్ళు కత్తిరించుకునే కత్తెరతో తనే కత్తిరించుకుంటుంది! రొట్టెలో వేరుసెనగ ముద్ద రాసుకుని మధ్యలో ఊరగాయ పెట్టుకు తింటుంది. ఊరగాయంటే మన ఆవకాయ కాదు లెండి, పుల్లనీళ్ళలో నానేసిన దోసకాయ. చెప్పొచ్చేదేమంటే, ఈమెకి ఎవరి వంటా చెయ్యనక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఒక్కోసారి అసూయ కలుగుతుంది. మరుక్షణం, జ్వరం వస్తే మంచినీళ్ళిచ్చే దిక్కెవరా అని జాలీ కలుగుతుంది. గ్రాఫ్టన్ ఆ రెండింటినీ మనచేత అనుభవింపజేస్తుంది.

పనితీరు చూడండి. తెలిసిన ప్రతి సంగతినీ చిన్న అట్టముక్క మీద రాసుకుంటుంది. అట్టల్ని పేకముక్కల్లా కలిపి, మళ్ళీ మళ్ళీ పేర్చి చూస్తుంది. రోజుకింత ఫీజు, ఇన్ని మైళ్ళ పెట్రోలు అని పద్దు రాస్తుంది. పుస్తకమే తను సమర్పించిన రిపోర్టు అన్నట్టు ముగుస్తుంది. పాలవాడి లెక్కా, చాకలి పద్దూ రాసుకునే మనకి ఈ పద్ధతి చప్పున నచ్చుతుంది.

ఈమె దగ్గరికొచ్చిన వాళ్ళకి దక్కేది నిజం. నిజం మాత్రమే. అది సుఖాన్నివ్వకపోవచ్చు. 1994లో వచ్చిన 'కె' పుస్తకంలో ఒక తల్లి వస్తుంది. కూతురు చనిపోయి పది నెలలైంది. శవం పాడైపోయాక దొరకడంతో ఎలా చనిపోయిందో కూడా తేలలేదు. ఇంట్లో మిగిలినవాళ్ళు "ఇక ఊరుకో" అంటారు. ఆమె ఊరుకోలేదు. కిన్సీ తవ్వుతున్నకొద్దీ ఆ కూతురి గురించి తల్లి వినకూడనివే బయటపడతాయి. చివర కిన్సీ చేసిన ఒక పని న్యాయమేనా అని నేను రెండు రోజులు మథనపడ్డాను. అది ఏమిటో చెప్పను. చెబితే మా అత్తగారికీ నాకూ తేడా ఉండదు.

ఇంకో విచిత్రముంది. మొదటి పుస్తకం 1982లో వచ్చింది. 'వై' పుస్తకం 2017లో. మధ్యన ముప్పై అయిదేళ్ళు. కాని కథలో కిన్సీకి గడిచినవి ఏడేళ్ళే! ముప్పై రెండు నుంచి ముప్పై తొమ్మిదికి వచ్చింది, అంతే. చదివే మన జుట్టు నెరిసిపోయింది, కళ్ళజోడు రెండుసార్లు మారింది. ఆమె మాత్రం 1989లోనే ఉండి, టెలిఫోను బూతులో చిల్లర వేసుకుంటోంది. లోకంలో అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక కూడా ఆ రచయిత్రి ఆ కాలాన్ని వదలకపోవడం మంచిదే అయింది. అట్టముక్కలు పేర్చే మనిషికి ఆ కాలమే సరి. అయితే, ఎలాగైనా అక్షరాలు పూర్తి చెయ్యాలన్న పంతం వల్ల కొన్ని పుస్తకాలు లావెక్కి, కథ పల్చబడ్డ మాట కూడా నిజం.

ఇక రెండో ఆవిడ, శారా పారెట్స్కీ సృష్టించిన వి.ఐ. వార్షాస్కీ. ఊరు షికాగో. తండ్రి పోలెండు మూలం ఉన్న పోలీసు, తల్లి ఇటలీనుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిన గాయని. ఆ తల్లి పెట్టెలో తెచ్చుకున్న ఎర్రటి వెనిస్ గాజు గ్లాసులు కొన్ని కూతురి దగ్గరున్నాయి. ఈ వరస నవలలన్నిటిలోనూ నాకు ప్రాణంగా తోచేవి ఆ గ్లాసులు. ఎవడో దుండగుడు ఇల్లు తలకిందులు చేస్తాడు. ముందు వాటినే వెతుక్కుంటుంది. కొన్ని పగిలిపోతాయి కూడా. అమ్మ ఇచ్చిన వస్తువు పగిలితే కలిగే బాధ ముందు తుపాకీ గుండు దెబ్బ ఏపాటిది! ఇంతా చేస్తే ఈ మహాతల్లి ఇల్లు సర్దదు. తొట్టిలో గిన్నెలు రోజుల తరబడి అలాగే పడుంటాయి.

పారెట్స్కీ స్వయంగా ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం చేసిన మనిషి. అందుకని ఈమె నవలల్లో హంతకుడు చీకట్లో నక్కిన కిరాతకుడు కాదు. మంచి సూటు వేసుకుని, పెద్ద మేడలో పదో అంతస్తులో కూర్చుంటాడు. నా మాట మన్నించి ఒక్కటే చదవదలిస్తే 1988 నాటి 'బ్లడ్ షాట్' చదవండి. అందులో కుర్చీలో కూర్చున్నది ఫీజిచ్చే కక్షిదారు కూడా కాదు, చిన్ననాటి వీధిలోని పక్కింటి పిల్ల. తల్లి మూత్రపిండాలు చెడి చావుబతుకుల్లో ఉంది. నా తండ్రెవరో అమ్మ చెప్పడం లేదు, నువ్వు కనిపెట్టు అని అడుగుతుంది. చూస్తే ఇంటిగుట్టు. ఆ తీగ లాగితే ఆ తల్లి పనిచేసిన రసాయనాల ఫ్యాక్టరీ కదులుతుంది. కార్మికుల రక్తపరీక్షలు చేయించి, ఫలితాలు వాళ్ళకి చెప్పకుండా దాచిన యజమానులు బయటపడతారు. ఇంట్లో జబ్బుమనిషికీ, ఎక్కడో కాగితం మీద ఎవరో పెట్టిన సంతకానికీ మధ్య దారం ఇంత గట్టిగా ముడివేసిన డిటెక్టివ్ నవల నేను ఇంకొకటి చదవలేదు.

వార్షాస్కీ ఎదుట కూర్చున్నవారికి దక్కేది పోట్లాట. ఆమె నిజం కనిపెట్టి ఊరుకోదు, దానికోసం తన్నులు తింటుంది. ప్రతి పుస్తకంలోనూ తింటుంది. డాక్టరు లాటీ - వియన్నా నుంచి వచ్చిన, కోపం మూటగట్టుకున్న బంగారం లాంటి మనిషి - కుట్లు వేస్తూ తిడుతుంది. కింది వాటాలో ఉండే ముసలి కంట్రెరాస్ గారు నేనూ వస్తానంటూ ఇనపముక్క పట్టుకు తయారవుతారు. ఈ దెబ్బల జాతర నాకు విసుగే. ఆడమనిషి ధైర్యాన్ని నిరూపించాలంటే ఆమెని మగవాళ్ళలాగే చితకబాదించాలా? కాని కాలం విషయంలో పారెట్స్కీ నిజాయితీ మెచ్చుకోవాలి. కిన్సీ లాగ కాకుండా ఈమె వయసు పెరుగుతూ వచ్చింది. యాభై దగ్గర పడ్డాక మోకాళ్ళు నొప్పులన్నది. 2024లో కూడా కొత్త నవల వచ్చింది. ఈ పారెట్స్కీయే మరికొందరితో కలిసి 1986లో 'సిస్టర్స్ ఇన్ క్రైమ్' అని అపరాధ నవలలు రాసే స్త్రీలకొక సంఘం పెట్టింది. ఆడవాళ్ళ నవలలకి పత్రికల్లో సమీక్షలే రావడం లేదని లెక్కలు తీసి మరీ చూపించారు వాళ్ళు.

అమెరికా చాలు. ఇప్పుడు ఆఫ్రికా వెడదాం. బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో, కగాలె కొండ దాపున, ఒక చిన్న ఆఫీసు. ప్రెషస్ రమోత్స్వే అనే బొద్దుగా నిండుగా ఉండే ఆవిడ అక్కడ 'నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ' అని బోర్డు పెట్టుకుని, ఎర్రాకు టీ కాచుకుంటూ కూర్చుంటుంది. రాసినది అలెగ్జాండర్ మెకాల్ స్మిత్. స్కాట్లండులో న్యాయశాస్త్రం బోధించిన ఆచార్యుడు, బోట్స్వానాలోనూ కొంతకాలం పాఠాలు చెప్పాడు. మొదటి పుస్తకం 1998లో వచ్చింది. ఇప్పటికి ఇరవై పైచిలుకు.

ఈవిడ తండ్రి దక్షిణాఫ్రికా గనుల్లో పనిచేసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని, కూడబెట్టిన సొమ్ముతో పశువుల్ని కొన్నాడు. అవి అమ్మి ఏదైనా వ్యాపారం పెట్టుకో అమ్మా, మాంసం కొట్టో సారా కొట్టో అని కూతురికి చెప్పాడు. డిటెక్టివ్ కంపెనీ పెడతానంది కూతురు! ఆ ముసలాయన చెప్పబోయిన అభ్యంతరం నోట్లోనే ఉండగా ప్రాణం పోయింది. ఇంత విషాదంలోనూ నవ్వొస్తుంది. ఆ పుస్తకాల తీరే అంత.

ఈవిడ దగ్గర హత్యలు తక్కువ. ఒక ఉద్యోగస్థురాలి ఇంటికి, చిన్నప్పుడు వదిలిపోయిన తండ్రినంటూ ఒకడొచ్చి తిష్ఠ వేశాడు. తింటాడు, కూర్చుంటాడు, పని చెయ్యడు. నిజంగా తండ్రేనా? పోలీసులేం చేస్తారు దీనికి? మన రమోత్స్వే నర్సు వేషం వేసుకుని పరుగున వచ్చి, "మీ అమ్మాయికి ప్రమాదం జరిగింది, తండ్రి రక్తమే ఎక్కించాలి, చాలా కావాలి, మీ ప్రాణానికి ముప్పు ఉండవచ్చు" అంటుంది. అంతే, తండ్రిగారు తండ్రి కాకుండా పోయారు! ఇది చదువుతుంటే నాకు మా అమ్మమ్మ చెప్పిన మర్యాద రామన్న కథలే జ్ఞాపకం వచ్చాయి. అట్టముక్కలు లేవు, వేలిముద్రలు లేవు. మనిషి గుణం ఎక్కడ బయటపడుతుందో తెలిసిన లోకజ్ఞానం. అదే విద్య.

అన్నివేళలా పారదనుకోండి. ఒకావిడ వచ్చి మా ఆయన మీద అనుమానంగా ఉందంటుంది. రమోత్స్వే తనే బారుకు వెళ్ళి ఆ పెద్దమనిషిని పలకరిస్తే, అతగాడు ఇట్టే వలలో పడతాడు. సాక్ష్యానికి ఫోటో కూడా తీసి ఆ భార్యకి చూపిస్తే ఆమె ఏం చేసిందనుకున్నారు? మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. నా మొగుణ్ణి లాక్కున్నావంటూ డిటెక్టివు మీద పడి తిట్టిపోసింది! నవ్వుకున్నాను గాని, ఈ దృశ్యం మన ఇళ్ళలో కొత్తది కాదు కదా.

ఒకప్పుడు రమోత్స్వే కూడా కొట్టే భర్త చేతిలో నలిగింది, పుట్టిన బిడ్డని రోజుల్లోనే పోగొట్టుకుంది. ఆనాడు ఆమె వెళ్ళి కూర్చోవడానికి ఎక్కడా కుర్చీ లేదు. అందుకే కాబోలు, తన దగ్గరికొచ్చిన వాళ్ళకి ముందు టీ ఇస్తుంది, తరవాత వింటుంది. ఈవిడ దగ్గర దక్కేది సర్దుబాటు. పదిమందీ కలిసి బతకవలసిన ఊళ్ళో అందరికీ మొహం చెల్లేలా చేసిన పరిష్కారం. అక్కడే నాకో చిన్న తగాదా ఉంది. సర్దుకుపొమ్మన్న మాట మనం పుట్టినప్పట్నుంచీ వింటున్నాం. దానికోసం డిటెక్టివు దాకా వెళ్ళాలా? అదీకాక, ఎయిడ్సు వ్యాధి బోట్స్వానాని అతలాకుతలం చేసిన సంవత్సరాలని నేపథ్యంగా పెట్టుకుని కూడా ఈ పుస్తకాలు దాని పేరు ఎత్తడానికి సంకోచిస్తాయి. తీపి కొంచెం ఎక్కువైంది. అయినా మనసు బాగులేని రోజున నేను తీసేది ఈ పుస్తకమే. ఇందులో తర్కమేమీ లేదు.

చివరగా మన దేశం. ఢిల్లీలో స్థిరపడ్డ పంజాబీ డిటెక్టివు విష్ పురీ. రచయిత టార్క్విన్ హాల్ అనే ఇంగ్లీషాయన, మన దేశపు అల్లుడు. మొదటి పుస్తకం 2009లో వచ్చింది. పురీ గారు లావుపాటి మనిషి, భార్య చూడకుండా పకోడీలు లాగిస్తాడు. మేడ మీద మిరప మొక్కలు పెంచుతాడు. మొదటి నవలలో ఆ మొక్కల దగ్గరే ఎవరో ఆయన మీద తుపాకీ పేలుస్తారు. అమ్మలు డిటెక్టివ్ పనులు చెయ్యకూడదని కొడుకు ఎంత మొత్తుకున్నా వినకుండా, తల్లిగారే ఆ కూపీ లాగుతుంది. ఆ ముసలమ్మ భాగాలు చదివి తీరాలి.

పురీ ఆఫీసుకి జరుగుబాటు ఎక్కడినుంచి? పెళ్ళిసంబంధాల విచారణల నుంచి. ఆ కుర్చీలో కూర్చునేది పెళ్ళికూతురు కాదు. తాతగారు వస్తారు, నా మనవరాలికి కుదిరిన వరుడి గుట్టు చెప్పమని. ఆ పిల్లకి ఈ సంగతే తెలియదు. ఇలాంటి ఏజెన్సీలు మన హైదరాబాదులోనూ ఉన్నాయి. విదేశంలో ఉద్యోగమని చెప్పి, అంతకు ముందే పెళ్ళయిందని దాచిన వరుల సంగతి విన్న తల్లిగా నేను వాటిని తప్పు పట్టలేను. కాని అదే కుర్చీలో మగపెళ్ళివారు కూర్చుని, మీ అమ్మాయి కాలేజీలో ఎవరితో మాట్లాడింది, ఎవరితో కాఫీ తాగిందని ఆరా తీయిస్తే? ఆ పిల్ల తన సంగతి తను చెప్పుకునే అవకాశం ఎక్కడ? నవల ఈ పనిని సరదాగానే చూపిస్తుంది. నాకు అంత సరదాగా అనిపించలేదు.

ఆ నవలలో అసలు కేసు ఇంకొకటి. జయపూరులో ఒక పేరున్న లాయరు ఇంట్లో మేరీ అనే పనిపిల్ల కనిపించకుండా పోతుంది. లాయరే చంపించాడని నింద. ఆయన పురీ దగ్గరికొస్తాడు. విచారణ మొదలెడితే, ఆ పిల్ల ఇంటిపేరేమిటి, ఏ ఊరిది, ఎవరి బిడ్డ - ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేరు! వంటింట్లో మసలిన మనిషికి ఒక్క కాగితం ముక్క ఆధారం లేదు. పురీ మంచివాడే, కష్టపడి వెతుకుతాడు. కాని గమనించారా? ఫీజిచ్చి కుర్చీలో కూర్చున్నది యజమాని. మేరీకి ఆ కుర్చీ అందదు. ఆమె కనిపించకపోవడం వల్ల గొప్పవారికి చిక్కొచ్చింది కాబట్టి వెతికారు, లేకపోతే ఎవరు వెతికేవారు? ప్రైవేటు డిటెక్టివు కథలన్నిటి అడుగునా ఉన్న లోటు ఇది. వినడానికి మనిషి ఉన్నాడు, కాని వినిపించుకోవడానికి డబ్బుండాలి. కిన్సీ అప్పుడప్పుడు ఫీజు వదులుకుంటుంది, వార్షాస్కీ తరచు వదులుకుంటుంది, రమోత్స్వే లాభం సంగతి పెద్దగా తలపెట్టదు. అది వాళ్ళ మంచితనం, అంతవరకే.

ఈ పుస్తకం మూసినరోజు సాయంత్రం, మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా అంట్లు తోముతున్న ఆమెని, "నీ ఇంటిపేరేమిటే?" అని అడిగాను. ఆమె గిన్నె పక్కన పెట్టి, "ఏమ్మా, కార్డేమన్నా ఇప్పిస్తారా?" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇంటిపేరు చెప్పింది, ఊరూ చెప్పింది. రాసి పెట్టుకున్నాను.

వీటిని వరసగానే చదవాలా అని అడుగుతారేమో. కిన్సీని ఏ అక్షరం దగ్గర పట్టుకున్నా ఫరవాలేదు. వార్షాస్కీని 'బ్లడ్ షాట్'తో మొదలుపెట్టండి. రమోత్స్వేని మాత్రం మొదటి పుస్తకం నుంచే చదవాలి, తండ్రి కథ అందులోనే ఉంది. ఇంగ్లీషు అంతగా రాదని జంకేవారికి కూడా ఆ పుస్తకమే సులువు, చిన్నచిన్న వాక్యాలు. ఇంకొక సంగతి. గ్రాఫ్టన్ 2017 డిసెంబరులో చనిపోయారు. 'జడ్' పుస్తకం రాయలేదు. ఆవిడ పేరుతో ఇంకొకరు రాయడం ఆవిడకి ఇష్టం లేదని, తమ మటుకు అక్షరమాల 'వై'తోనే ఆగిపోయిందని ఇంటివారు చెప్పేశారు. అందుకని లైబ్రరీలో ఆఖరి పుస్తకం కోసం వెతికి, ఎవరో తీసుకుపోయారని గుమాస్తా మీద కోప్పడకండి. నేను ఆ పని చేశాను.